విలియం వైలర్ సినిమాలు ఏ వరసలో వెయ్యాలి? హాల్లోనే డీప్ ఫోకస్ చేసి చూపించొచ్చా?

ఉప్పుగాలి, ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. మా కాలనీ హాల్లో నెలకో ఆదివారం సాయంత్రం పాత సినిమా వేస్తున్నాం. వచ్చేవాళ్లలో పోర్టులో, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన పెద్దవాళ్లున్నారు, యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ పిల్లలున్నారు, బీచ్ రోడ్డులో షార్ట్ ఫిలింలు తీసుకునే కుర్రాళ్లూ ఉన్నారు. ఈసారి వరసగా అయిదు నెలలు హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్‌కే ఇద్దామనుకున్నాం. మావాళ్లలో చాలామందికి ‘బెన్‌హర్’, ‘రోమన్ హాలిడే’ తప్ప ఆయన సంగతులేవీ తెలియవు. ఆ రెండూ తీసింది ఒకరేనని చెబితే ఆశ్చర్యపోతున్నారు.

మూడు విషయాలు అడగాలి. ఏ అయిదు సినిమాలు, ఏ వరసలో? మొదటి రోజు పదిహేను నిమిషాల్లో ఆయన జీవితం చెప్పాలంటే ఏవి వదలకూడదు? రెండోది, “వైలర్‌కి సొంత శైలంటూ లేదు, స్టూడియో ఏదిస్తే అది తీశాడు” అని కుర్రాళ్లు ఎక్కడో చదివి వచ్చారు. దీనికి మాటలతో కాకుండా చూపించి జవాబు చెప్పాలని ఉంది. మా దగ్గర 18-55 కిట్ లెన్సు ఉన్న మామూలు ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సారున్న) కెమెరా ఉంది. దాంతో డీప్ ఫోకస్, అంటే దగ్గరున్నదీ దూరంగా ఉన్నదీ ఒకే ఫ్రేములో స్పష్టంగా వచ్చేలా తీయడం, అక్కడికక్కడే చేసి చూపించొచ్చా? మూడోది ప్రొజెక్టర్. తెర 8 అడుగుల వెడల్పు, 4.5 అడుగుల ఎత్తు. ఒక్కో సినిమా బొమ్మ ఒక్కో ఆకారంలో వస్తోంది, ఎలా సర్దాలి?

ద్వారకానగర్ పాఠకుడు

‘బెన్‌హర్’తో మాత్రం మొదలుపెట్టకండి. అది చూశాక వైలర్ అంటే రథాలు, జనసముద్రం అన్న ముద్ర పడిపోతుంది, ఆ తర్వాత ఒక గదిలో ముగ్గురు మనుషుల కథ వేస్తే చిన్నగా అనిపిస్తుంది. నేనైతే ఇలా వేస్తాను: ముందు ‘ది లిటిల్ ఫాక్సెస్’ (1941), తర్వాత ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ (1946), ‘ది హెయిరెస్’ (1949), ‘రోమన్ హాలిడే’ (1953), చివర ‘బెన్‌హర్’ (1959). రెండోది 172 నిమిషాలు, చివరిది 212 నిమిషాలు. ఆ రెండు రోజులూ అయిదింటికే మొదలుపెట్టి మధ్యలో టీ విరామం ఇవ్వండి. మిగతా మూడూ రెండు గంటల లోపే.

జీవితం సంగతికొస్తే, పుట్టింది 1902 జులై 1న, ఆల్సాస్‌లోని ముల్‌హౌస్‌లో. ఆ ఊరు అప్పుడు జర్మనీ చేతిలో ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కు వెళ్లింది. తండ్రి స్విట్జర్లాండ్ వాడు. తల్లి వైపు బంధువు కార్ల్ లామ్లే, అంటే యూనివర్సల్ స్టూడియో పెట్టినాయన. చుట్టాలకి ఉద్యోగాలిచ్చే అలవాటు లామ్లేకి బాగా ఉండేది. అలా 1920లో కుర్రవాడు న్యూయార్క్ ఆఫీసులో చేరి, తర్వాత హాలీవుడ్ వచ్చి, స్టూడియోలో అడుగు నుంచి ఒక్కో పనీ చేసుకుంటూ పైకొచ్చాడు. 1925 నాటి మూకీ ‘బెన్‌హర్’ రథాల పందెంలో జనాన్ని అదుపు చేసిన బోలెడుమంది సహాయకుల్లో ఆయనొకడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత అదే కథకు ఆయనే దర్శకుడు. మీ పరిచయంలో ఈ ముక్క వదలకండి.

1925 నుంచి రెండు రీళ్ల కౌబాయ్ సినిమాలు ఇరవైకి పైగా తీశాడు. వీటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా ఉద్దేశంలో ఆయన చదువంతా అక్కడే జరిగింది. చేతిలో రోజులు తక్కువ, డబ్బు తక్కువ, కథ ప్రతిసారీ అదే. గుర్రం మీంచి మనిషి దిగే పనినే ఎన్ని రకాలుగా చూపించొచ్చు అన్న ఆలోచన తప్పనిసరి. కెమెరా ఎక్కడ పెట్టాలన్నది చేతికి అలవాటైపోయింది. 1933లో ‘కౌన్సెలర్ ఎట్ లా’ చూడండి. ఒక లాయరు ఆఫీసు దాటి కథ బయటకు పోదు, అయినా ఎక్కడా నాటకం చూస్తున్నట్టు ఉండదు.

1935లో నిర్మాత శామ్యూల్ గోల్డ్విన్ దగ్గర చేరడం పెద్ద మలుపు. ఇద్దరికీ ఎప్పుడూ పోట్లాటే. అయినా ‘దీజ్ త్రీ’, ‘డాడ్స్‌వర్త్’, ‘డెడ్ ఎండ్’, ‘వుదరింగ్ హైట్స్’ అన్నీ ఆ కాలంలోవే. గోల్డ్విన్ దగ్గరే కెమెరామన్ గ్రెగ్ టోలండ్ జత కుదిరాడు. మధ్యమధ్య వార్నర్ సంస్థ అరువు తీసుకుంటే ‘జెజెబెల్’ (1938), ‘ది లెటర్’ (1940) తీశాడు. మొదటిది నటి బెటీ డేవిస్‌కి ఆస్కార్ తెచ్చింది.

అవార్డుల లెక్క అడుగుతారు కాబట్టి రాసుకోండి. ఉత్తమ దర్శకుడిగా 12 నామినేషన్లు, ఇప్పటికీ అదే రికార్డు. గెలిచినవి మూడు: ‘మిసెస్ మినివర్’, ‘బెస్ట్ ఇయర్స్’, ‘బెన్‌హర్’. ఆయన సినిమాల్లో నటించినవాళ్లు గెలిచిన నటన ఆస్కార్లు 14. నన్నడిగితే ఈ 14 ముందు చెప్పండి. శైలి లేదన్న మాటకు సగం జవాబు అందులోనే ఉంది. ఆఖరి సినిమా 1970లో, మరణం 1981 జులై 27న.

శైలి గురించి ఆ మాట మీ కుర్రాళ్లు ఊరికే అనలేదు. అమెరికన్ విమర్శకుడు ఆండ్రూ సారిస్ 1968లో దర్శకులను తరగతులుగా విడదీసినప్పుడు వైలర్‌ని కింది వరసలో పెట్టాడు. దానికి ఇరవై ఏళ్ల ముందే, 1948లో, ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బాజాన్ వైలర్ మీద పెద్ద వ్యాసం రాసి ఆయన్ని ఆకాశానికెత్తాడు. కెమెరా తన ఉనికి చాటుకోకుండా, చూసేవాడికే ఎక్కడ చూడాలో ఎంచుకునే వీలిస్తుందన్నది బాజాన్ వాదన. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టి చర్చ నడపండి, రక్తి కడుతుంది.

ఎఫ్ ఎనిమిది, అక్కయ్యపాలెం

డెమో శుభ్రంగా చెయ్యొచ్చండి, కిట్ లెన్సు చాలు. ముందు సినిమాలోంచి చూపించాల్సిన రెండు సీన్లు చెబుతాను, ఆ తర్వాత కొలతలు.

మొదటిది ‘బెస్ట్ ఇయర్స్’లో బుచ్ బారు సీను. యుద్ధంలో రెండు చేతులూ పోయిన హోమర్, ఇనప కొక్కేలతో పియానో వాయిస్తుంటాడు, పక్కన బాబాయి బుచ్. అతనిలాగే యుద్ధం నుంచి తిరిగొచ్చిన అల్ పియానో దగ్గర నిలబడి వింటున్నాడు. దూరంగా గది చివర టెలిఫోను గూట్లో మూడో సైనికుడు ఫ్రెడ్, అల్ కూతురికి ఫోను చేసి ఇక కలవనని చెబుతున్నాడు. అసలు కథ జరుగుతున్నది ఆ గూట్లో. కానీ దగ్గరగా, పెద్దగా, చప్పుడుతో ఉన్నది పియానో. ఫ్రెడ్ మాటలు మనకు వినిపించవు. అల్ ఒంటికి పియానో, మనసుకి ఫోను. ఆ ఇబ్బందిని వైలర్ ఒకే ఫ్రేములో పెట్టాడు, మధ్యలో అల్ గూటి వైపు చూసే దగ్గరి షాట్లు మాత్రం కలిపాడు. మామూలు దర్శకుడైతే ఫోను గూట్లోకి కట్ చేసి, కన్నీళ్లు చూపించి, డైలాగు వినిపించేవాడు.

రెండోది దీనికి సరిగ్గా తలకిందులు, ‘లిటిల్ ఫాక్సెస్’లో మెట్ల సీను. గుండెజబ్బు మనిషి హొరేస్, చేతిలో మందు సీసా పగిలిపోతుంది. పైనున్న రెండో సీసా తెమ్మని భార్య రెజీనాను అడుగుతాడు. ఆమె కదలదు. అతను తూలుకుంటూ ఆమె వెనక నుంచి మెట్ల వైపు వెళతాడు. కెమెరా మాత్రం రెజీనాగా చేసిన బెటీ డేవిస్ ముఖం మీదే ఉంటుంది. వెనక మెట్లు మసకగా ఉంటాయి, మనిషి పడిపోవడం ఆ మసకలోనే జరుగుతుంది. టోలండ్‌కి అంత లోతూ స్పష్టంగా తీసే సత్తా ఉంది, అదే ఏడాది ‘సిటిజెన్ కేన్’ తీసింది ఆయనే. అయినా ఇక్కడ కావాలనే మసకగా వదిలేశారు. చూద్దామని మనం మెడ చాస్తాం, చూడలేం. అది చూడాల్సిన మనిషి రెజీనా, ఆమె వెనక్కి తిరగదు. ఇంకో సంగతి: హొరేస్ వేషం వేసిన హెర్బర్ట్ మార్షల్‌కి మొదటి ప్రపంచ యుద్ధంలో కాలు పోయింది, కర్రకాలుతో నటించేవాడు. మెట్లెక్కేది డూప్. మసక ఉండబట్టి ఆ పనీ సాగింది.

ఈ రెండూ పక్కపక్కన చూపిస్తే మీ కుర్రాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. డీప్ ఫోకస్ ఆయనకు ఒక గొప్ప కోసం పెట్టుకున్నది కాదు. సీనుకు కావాలంటే వాడాడు, వద్దంటే తీసి పక్కన పెట్టాడు.

ఇక మీ హాల్లో డెమో. పియానో బదులు హార్మోనియం పెట్టండి. కెమెరా ట్రైపాడ్ మీద నేలకు 4 అడుగుల ఎత్తులో. హార్మోనియం మీద చేతులు లెన్సుకు 4 అడుగుల దూరంలో, వినే మనిషి 7 అడుగుల్లో, ఫోను మాట్లాడే మనిషి 18 అడుగుల్లో. మూడో మనిషిని తలుపు చట్రంలో నిలబెట్టండి, ఎందుకో కింద చెబుతాను. ముగ్గురి స్థానాలూ నేల మీద సుద్దతో గీయండి.

లెన్సు 18 ఎంఎం దగ్గర, ఎపర్చర్ (కాంతి లోపలికొచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) ఎఫ్ 8, ఫోకస్ సరిగ్గా 2 మీటర్ల దగ్గర, అంటే ఆరున్నర అడుగులు. అప్పుడు దాదాపు ఒక మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. చేతుల నుంచి తలుపు దాకా అన్నీ అందులోనే. కిట్ లెన్సు మీద దూరాల గుర్తులుండవు కాబట్టి టేపుతో ఆరున్నర అడుగులు కొలిచి, అక్కడ ఒక పుస్తకం నిలబెట్టి, తెర మీద పెద్దది చేసి చూసుకుంటూ మాన్యువల్‌గా ఫోకస్ చేసి, రింగు కదలకుండా టేపు అంటించండి. ఆటోఫోకస్ ఆపకపోతే ముందు మనిషి తల తిప్పగానే కెమెరా ఇంకో ముఖం వెతుక్కుంటుంది, డెమో అంతా పాడవుతుంది.

కెమెరా అక్కడే ఉంచి రెండోసారి ఎఫ్ 3.5 పెట్టి తీయండి. ఇప్పుడు స్పష్టంగా ఉండేది సుమారు నాలుగున్నర అడుగుల నుంచి పదకొండున్నర దాకా మాత్రమే. ఫోను మనిషి మసకబారతాడు, చేతులు కూడా కొంచెం మెత్తబడతాయి. మూడోసారి లెన్సుని 50 ఎంఎంకి తిప్పి మళ్లీ ఎఫ్ 8. స్పష్టత అర మీటరు మందానికి పడిపోతుంది, ముగ్గురూ ఫ్రేములో పట్టనే పట్టరు. వెడల్పు లెన్సు ఎందుకు కావాలో ఈ మూడో షాటు చెప్పేస్తుంది.

అసలు చిక్కంతా వెలుతురు దగ్గర వస్తుంది. ఎఫ్ 3.5 నుంచి ఎఫ్ 8కి వెళితే అయిదు రెట్లకు పైగా కాంతి కావాలి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50లో ఒక వంతు, ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే శక్తి) 1600 పెడితే, ఎఫ్ 8కి సుమారు 500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి. మామూలు హాల్లో ట్యూబులైట్లన్నీ వేసినా అందులో మూడో వంతు ఉంటే గొప్ప. ఐఎస్ఓ 3200కి పెంచితే 250 లక్స్‌తో గట్టెక్కుతారు, నాలుగు ఎల్ఈడీ పలకలు తెచ్చుకుంటే ఇంకా మేలు. షట్టరు 60లో ఒక వంతు పెట్టొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు తెర మీద పట్టీలు పట్టీలుగా కదులుతాయి. 1941లో ఇదే చిక్కు టోలండ్ ఎదుర్కొన్నాడు. కొడాక్ అప్పుడే తెచ్చిన వేగవంతమైన సూపర్ డబుల్ ఎక్స్ ఫిల్ము, పూత పూసిన లెన్సులు, శక్తిగల ఆర్క్ దీపాలు, ఈ మూడూ కలిస్తేనే అప్పట్లో అలాంటి చిన్న ఎపర్చర్ సాధ్యమయింది.

వెనక మనిషికి వేరే దీపం తప్పనిసరి. 18 అడుగుల్లోని మనిషి 4 అడుగుల్లోని వాడికంటే నాలుగున్నర రెట్లు చిన్నగా కనిపిస్తాడు. పైగా ముందున్న దీపాల వెలుగు అక్కడికి చేరేసరికి పలచబడిపోతుంది. ఫోకస్ ఉన్నా కన్ను అటు పోదు. అందుకే తలుపు చట్రం. చట్రంలో ఉన్న మనిషి ఎంత చిన్నగా ఉన్నా కన్ను పట్టుకుంటుంది. సినిమాలో ఫోను గూడు చేసిన పనే అది. రెండో సాయం, మధ్యలోని మనిషి చూపు. అతను ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు, హాల్లో అందరూ అటే చూస్తారు.

ఎఫ్ 16, 22 దాకా మాత్రం పోకండి. స్పష్టత పెరగడం అటుంచి, కాంతి చిన్న రంధ్రంలో విచ్చుకుని బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫోనుతో తీద్దామంటే సెన్సారు చిన్నది కాబట్టి లోతు దానంతట అదే వస్తుంది, కానీ తేడా చూపించలేరు. ఇంకొకటి, ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి మన ఉక్కలో వెంటనే తీస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. అరగంట సంచీలోనే ఉంచి తర్వాత బయటకు తీయండి.

చివరగా, ఆ మూడు షాట్లలో ఎఫ్ 8ది ఒక్క టేకులో ఓకే కాదు. హార్మోనియం బాగుంటే చూపు ఆలస్యమవుతుంది, చూపు కుదిరితే ఫోను పెట్టెయ్యడం ముందే అయిపోతుంది. కట్ చేసి అతకడానికి వీల్లేదు కదా, ఒక్కడు తప్పినా మొత్తం మళ్లీ. “నలభై టేకుల వైలర్”, “తొంభై టేకుల వైలర్” అని ఆయనకు పేరు రావడానికి ఒక కారణం ఇదే. డెమోలో వాళ్లంతట వాళ్లకే తెలిసొస్తుంది.

రెండో రీలు

పైవాళ్లు యుద్ధం సంగతి దాటేశారు. ‘బెస్ట్ ఇయర్స్’ వేసే రోజు అది చెప్పకపోతే సినిమా సగమే అర్థమవుతుంది.

‘మిసెస్ మినివర్’ అయ్యాక వైలర్ అమెరికన్ వాయుసేనలో మేజర్‌గా చేరాడు. ఆ సినిమాకి 1943లో ఆస్కార్ ఇస్తున్నప్పుడు ఆయన ఇంగ్లాండులో ఉన్నాడు, భార్య మార్గరెట్ టాలిచెట్ వేదికెక్కి అందుకుంది. అక్కడ బి-17 బాంబర్లలో ఎక్కి, 16 ఎంఎం రంగుల ఫిల్ము మీద ‘ది మెంఫిస్ బెల్’ (1944) తీశాడు. ముప్పావు గంట చిత్రం. అమెరికా ప్రభుత్వం తీయించింది కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. అంత ఎత్తులో చలికి కెమెరాలు బిగుసుకుపోయేవి, మనుషులకు ఆక్సిజన్ ముసుగులు. శబ్దం అక్కడ రికార్డు కాలేదు, తర్వాత హాలీవుడ్‌లో కలిపారు. ఒకే దాడిలా కనిపించేది నిజానికి వేర్వేరు దాడుల్లో తీసిన ముక్కల కూర్పు. ఆయన బృందంలోని హెరాల్డ్ టానెన్‌బామ్ అలాంటి ఒక దాడిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

1945లో ఇటలీలో ‘థండర్‌బోల్ట్’ కోసం బి-25 విమానంలోంచి తీస్తుండగా ఇంజిన్ల హోరుకి వైలర్ వినికిడి పోయింది. ఒక చెవి పూర్తిగా, రెండోది కొంత. ‘బెస్ట్ ఇయర్స్’ సెట్లో కెమెరా కింద కూర్చుని, మైకుకు తగిలించిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డైలాగులు వినేవాడు. యుద్ధం నుంచి దెబ్బతిని ఇంటికొచ్చిన ముగ్గురి కథను తీస్తున్నవాడూ అలాంటివాడే.

హోమర్ వేషం వేసిన హెరాల్డ్ రసెల్ నటుడు కాదు, సైనికుడు. 1944 జూన్ 6న అమెరికాలోనే శిక్షణలో పేలుడు పదార్థం పేలి రెండు చేతులూ పోయాయి. గోల్డ్విన్ అతనికి నటనలో పాఠాలు ఏర్పాటు చేస్తే వైలర్ మాన్పించాడు. నటులందరినీ దుకాణంలో మామూలు బట్టలు కొనుక్కుని, షూటింగుకు ముందే కొన్నాళ్లు తొడుక్కోమన్నాడు. గదుల సెట్లు కూడా స్టూడియో అలవాటు ప్రకారం పెద్దగా కాకుండా నిజం ఇళ్ల కొలతల్లోనే వేయించాడు. సినిమాకు ఏడు ఆస్కార్లు, రసెల్‌కి వాటికి తోడు ప్రత్యేక పురస్కారం. విచిత్రమేమిటంటే టోలండ్ కెమెరాకు నామినేషన్ కూడా రాలేదు. ఆయన 1948లో 44 ఏళ్లకే పోయాడు.

చూసేటప్పుడు పిల్లలకు ఒక సీను ముందే చెప్పి ఉంచండి. ఫ్రెడ్ తుక్కుకి పోసిన బాంబర్ల మధ్య తిరిగి, ఒకదాని ముక్కులోకి ఎక్కి కూర్చుంటాడు. కాలిఫోర్నియాలోని ఒంటారియోలో నిజంగానే విమానాలను ముక్కలు చేసే చోట తీశారు. ఇంజిన్లు పీకేసిన ఆ విమానం ముందు కెమెరా కదులుతుంటే, హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ సంగీతం ఒక్కో ఇంజినూ స్టార్టవుతున్నట్టు లేస్తుంది. ఆ రెండు నిమిషాల్లో ఒక్క ఫ్లాష్‌బ్యాక్ లేదు.

‘బెన్‌హర్’ రోజు కూడా ఒకటి రెండు సరిదిద్దుకోండి. రథాల పందెం తీసింది ఆండ్రూ మార్టన్, యకీమా కనట్, వైలర్ కాదు. ఆ పందెంలో ఎవరో చనిపోయారన్న పుకారు 1959 సినిమాకు వర్తించదు, ఎవరూ పోలేదు. రథం ముందుకు ఎగిరిపడ్డ స్టంట్ మనిషి యకీమా కొడుకు జో. చిన్న దెబ్బతో బయటపడ్డాడు, ఆ షాటునే సినిమాలో ఉంచారు. ‘రోమన్ హాలిడే’ కథ డాల్టన్ ట్రంబోది. కమ్యూనిస్టన్న నెపంతో నిషేధంలో ఉండడం వల్ల తెర మీద ఇయన్ మెక్‌లెలన్ హంటర్ పేరు వేశారు. ట్రంబో పోయిన చాలా ఏళ్లకు, 1993లో, ఆస్కార్ ఆయన పేర ఇచ్చారు. పాత కాపీల్లో ఆ పేరు కనిపించదు కాబట్టి మీరే చెప్పాలి.

తెర వెనక, గాజువాక

ప్రొజెక్టర్ సంగతి క్లుప్తంగా. మీ తెర 16:9. ‘లిటిల్ ఫాక్సెస్’ నుంచి ‘రోమన్ హాలిడే’ దాకా నాలుగూ పాత పద్ధతి, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. అంటే 4.5 అడుగుల ఎత్తుకి బొమ్మ వెడల్పు 6 అడుగుల 2 అంగుళాలు. రెండు పక్కలా నల్లగా మిగలాలి, మిగలనివ్వండి. ఎవరో ఒకరు “తెర నిండా రాదా?” అని రిమోట్ అందుకుంటారు. జూమ్ నొక్కితే తలలు, పాదాలు తెగుతాయి, సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. వైలర్ విషయంలో ఇది మామూలు తప్పు కాదు, ఫ్రేము చివరన నిలబెట్టిన మనిషే ఒక్కోసారి సీనుకు ప్రాణం.

‘బెన్‌హర్’ 65 ఎంఎం నెగటివ్ మీద తీసింది, 2.76 రెట్ల వెడల్పు. మీ తెర మీద ఎత్తు 2 అడుగుల 11 అంగుళాలే వస్తుంది. వెనక వరస వాళ్లకు చిన్నగా ఉంటుంది కాబట్టి ఆ రోజు కుర్చీలు ముందుకు జరపండి, చివరి వరస తెరకు 20 అడుగులు దాటకూడదు. సబ్‌టైటిళ్లు బొమ్మ మీద కాకుండా కింది నల్ల పట్టీలోకి దింపే వీలు ప్లేయర్‌లో ఉంటే వాడండి. వైలర్‌కీ ఆ వెడల్పు నచ్చలేదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మిగిలిన చోటు దేంతో నింపాలన్నది ఆయన గొడవ.

రంగుల మోడ్ ‘సినిమా’లో పెట్టండి, ‘వివిడ్’లో నలుపులు నీలంగా తేలతాయి. కదలికను నునుపు చేసే సదుపాయం ఏదైనా ఉంటే ఆపండి. మొదటి నాలుగూ మోనో శబ్దం, సౌండ్‌లో ‘హాల్’, ‘సరౌండ్’ లాంటివి వేస్తే డైలాగు బోలుగా వినిపిస్తుంది. స్పీకరు తెర కింద మధ్యలో ఒకటి చాలు. ల్యాంపు ప్రొజెక్టరైతే చిన్న యూపీఎస్ తగిలించండి. కరెంటు పోయి ఫ్యాను ఒక్కసారిగా ఆగితే ల్యాంపు వేడికి దెబ్బతింటుంది.

ఉప్పుగాలి, ఎంవీపీ కాలనీ

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఎఫ్ ఎనిమిది గారూ, హార్మోనియం దొరికింది, డెమో ‘బెస్ట్ ఇయర్స్’ రోజు సినిమాకు ముందు పెడుతున్నాం. ఒక్కటే ఇంకా అడగాలి. థియేటర్ ఆర్ట్స్ పిల్లలు కెమెరా కంటే నటన గురించే ఎక్కువ అడుగుతున్నారు. అన్నేసి టేకులు తీసి ఆయన నటులకు ఏం చెప్పేవాడు? ‘హెయిరెస్’ రోజు వాళ్ల చేత చేయించగలిగింది ఏమైనా ఉందా?

ద్వారకానగర్ పాఠకుడు

చాలాసార్లు ఏమీ చెప్పేవాడు కాదండి, అదే నటులకు మండేది. “మళ్లీ చేద్దాం” అనడం తప్ప ఏం కావాలో వివరించేవాడు కాదు. లారెన్స్ ఒలీవియర్ ‘వుదరింగ్ హైట్స్’లో మొదట గొడవపడ్డాడు, తర్వాత సినిమా నటన తనకు నేర్పింది వైలరే అన్నాడు. బెటీ డేవిస్ ‘లిటిల్ ఫాక్సెస్’ మధ్యలో కొన్నాళ్లు షూటింగు మానేసి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఇద్దరూ మళ్లీ కలిసి పనిచెయ్యలేదు. అంటే ఈ పద్ధతి అందరికీ మంచిదని పిల్లలకు చెప్పొద్దు. ముందే అనుకుని వచ్చిన హావభావాలు అలసటలో రాలిపోయేదాకా ఆయన ఆగేవాడు, కొందరికి అది పనిచేసింది, కొందరిని నలిపేసింది.

మీరు చేయించాల్సింది ‘హెయిరెస్’లో మెట్ల సీను. పెళ్లాడతానన్నవాడు రాత్రంతా చూసినా రాడు, క్యాథరిన్ పెట్టె పట్టుకుని మళ్లీ పైకి ఎక్కుతుంది. ఒలీవియా డి హావిలండ్ చేత ఆ మెట్లు ఎన్నోసార్లు ఎక్కించాడు, ఎక్కడో తేడా కొడుతోంది. చివరికి ఆమె విసిగి పెట్టె విసిరికొడితే అది ఖాళీదని తేలింది. అందులో బరువు పెట్టించి మళ్లీ ఎక్కించాడు. ఆ టేకే సినిమాలో ఉంది, ఆ ఏడాది ఆస్కార్ ఆమెదే.

మీ హాలుకు మెట్లుంటాయి కదా. ఒక అమ్మాయి చేత ముందు ఖాళీ పెట్టెతో పన్నెండు మెట్లు ఎక్కించండి, బరువుగా ఉన్నట్టు నటించమనండి. తర్వాత పుస్తకాలు నింపి 10 కిలోల పెట్టెతో, ఏమీ నటించొద్దని చెప్పి ఎక్కించండి. కెమెరా కింది మెట్టు పక్కన నడుము ఎత్తులో, కదలకుండా. చూసేవాళ్లను పెట్టె పట్టుకోని చెయ్యి గమనించమనండి. ఖాళీ పెట్టెతో ఆ చెయ్యి ఊరికే వేలాడుతుంది లేదా అనవసరంగా నాటకం ఆడుతుంది. బరువున్నప్పుడు మూడో మెట్టుకే కటకటాలు వెతుక్కుంటుంది, భుజం ఒక పక్కకు దిగుతుంది, అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం పెరుగుతుంది. పెట్టె పిడి గట్టిగా ఉందో లేదో ముందే చూసుకోండి, మెట్ల మీద ఒక మనిషిని సాయం నిలబెట్టండి.